బల్ల మీద ఒక్కటే రకం

శనివారం పోటీలో నాలుగో విడత కాల్పులు అయ్యేసరికి హార్లన్ ఫెట్టిగ్ రివాల్వర్ బిగుసుకుపోయింది.

ఆరు తూటాలూ పేల్చాడు. పాతిక గజాల అవతల ఆరు ఇనప రేకులూ పడ్డాయి. ఆ రోజు ఆరుకి ఆరూ పడగొట్టినవాడు అతనొక్కడే. ఆ సంతోషం మొహంలోకి రాకముందే తూటాలుండే సిలిండర్ పక్కకి తోసి ఖాళీ గుల్లలు రాల్చుకోబోయాడు. సిలిండర్ కదల్లేదు. చేతి తొడుగుని పళ్లతో పట్టి లాగేసి బొటనవేలితో తోశాడు. కదల్లేదు. అరచేతి మడమతో కొట్టాడు.

"దూడ అడ్డం తిరిగినట్టుందిరోయ్, గొలుసులు పట్రండి!" అన్నాడు వెనకనించి మైరన్.

ఆవులు ఈనే రోజులు. అక్కడున్న పదకొండుమందిలో తొమ్మిదిమంది పొద్దున్నే దూడల్ని లాగి, చేతులు కడుక్కుని వచ్చినవాళ్లే. అందరూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు. బల్ల మీదున్న కర్రముక్క తీసుకుని సిలిండర్‌ని మెల్లిగా, గోడకి మేకు కొట్టినట్టు కాకుండా, గుడ్డు పెంకు కొట్టినట్టు కొట్టాడు. నాలుగో దెబ్బకి ఊడి పక్కకి వచ్చింది. గుల్లలు ఒక్కొక్కటే ఊడబెరికాడు. అయిదోది రాలేదు. రివాల్వర్ని వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. అప్పుడు నవ్వడం మానేశాడు.

సిలిండర్ గోడ ఒకచోట బయటికి ఉబ్బి ఉంది. వేలితో తడిమితే తెలిసేంత. అది వాళ్ల నాన్న రివాల్వర్.

ఆర్డెల్లా వాంగ్లర్ లెక్కల బల్ల దగ్గర మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. లేచి వచ్చి, మంచులో పడ్డ గుల్ల ఒకటి ఏరి, కళ్లజోడు పైకి నెట్టి చూసింది. గుల్ల అడుగున గుండీలా కూర్చునే ప్రైమర్ ఉంటుంది. రివాల్వర్ సుత్తి దెబ్బకి అదే రవ్వ పుట్టించి లోపలి మందుని అంటిస్తుంది. దాని అంచులు గుండ్రంగా ఉండాలి. ఇది రైలు పట్టా మీద పెట్టిన నాణెంలా చదునైపోయింది.

"ఏ పెట్టెలోవి ఇవి?" అంది.

"మీ పెట్టెలోవేనమ్మా." హార్లన్ బల్ల మీద యాభై తూటాల ప్లాస్టిక్ పెట్టె చూపించాడు. ఇరవై ఆరు మిగిలి ఉన్నాయి. మూత మీద ఆర్డెల్లా చేతిరాత: జనవరి ఇరవై, రేకుల మందు, తూకం, మామూలు ప్రైమర్, కింద ఆ.వా. అన్న పొడి అక్షరాలు. "మొదటి విడతనించీ బిగుతుగానే ఉన్నాయి. చలికేమో అనుకున్నా."

శీతాకాలం పోటీల్లో అందరూ ఆర్డెల్లా నింపిన తూటాలే పేల్చాలి. ఒకడి తూటా బలం, ఇంకొకడి తూటా నీరసం అనే గొడవ లేకుండా, పందొమ్మిదేళ్లుగా అదే పద్ధతి. పేల్చిన గుల్లలు డబ్బాలో వేసి ఆమెకే ఇస్తారు. ఆమె వాటిని కడిగి, కొత్త ప్రైమర్ దిగ్గొట్టి, మందు తూచి, గుండు బిగించి మళ్లీ తెస్తుంది. అంతకుముందు ముప్పైఒక్కేళ్లు ధాన్యపు గిడ్డంగిలో కాటా దగ్గర కూర్చున్న మనిషి. ఆమె తూచింది మళ్లీ తూచినవాడు ఆ జిల్లాలో లేడు.

పోటీ ఆపి అందరూ లోపలికి వెళ్లారు. క్లబ్బు ఇల్లు ఒకప్పటి బడి. ఒకటే గది, మధ్యలో పొయ్యి. అధ్యక్షుడు రోలండ్ డాష్ కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు.

"ఊరికే మాటలెందుకు? విప్పి చూద్దాం," అంది ఆర్డెల్లా.

పన్నెండు తూటాలు తీసింది. ఒక్కొక్కదాన్నీ గుండు విడదీసే బోలు సుత్తిలో బిగించి చెక్క మొద్దు మీద కొట్టింది. మూడు దెబ్బలకి గుండు వదిలేది. మందుని త్రాసు పళ్లెంలో ఒంపి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. రోలండ్‌ని కూడా చూడమనేది. పన్నెండూ అలాగే తూచింది. పన్నెండూ సరిపోయాయి. ఆ అరగంటా ఎవరూ పొయ్యిలో కట్టె కూడా వెయ్యలేదు.

"ఇంకేం మరి?" అన్నాడు రోలండ్.

అందరి కళ్లూ హార్లన్ మీదికి వెళ్లాయి. అతను కూడా ఇంటి దగ్గర తూటాలు నింపుతాడని అందరికీ తెలుసు. త్రాసు మీద కాదు, చెంచాతో కొలిచి పోస్తాడనీ తెలుసు. ట్రక్కు నడుపుతూ కాలవలో పడేసినవాడనీ, రెండుసార్లు పెళ్లి చేసుకుని రెండుసార్లూ ఆ తేదీ మర్చిపోయినవాడనీ తెలుసు.

"జేబులో ఏమున్నాయి హార్లన్?" అన్నాడు రోలండ్.

హార్లన్ ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. రెండు తూటాలు బయటికి తీసి అరచేతిలో పట్టుకున్నాడు. "ఇవా? ఇవి కయోటీ నక్కల కోసం. దారిలో కనబడితే ఉంటాయని. నేనిక్కడ పేల్చినవి ఆ పెట్టెలోవే."

"ఇలాంటిది ఇంకోటి ఆ పెట్టెలో కలవలేదని నీకెలా తెలుసు?"

"తెలుసు."

"నీకు నీ పెళ్లిరోజే తెలీదు," అన్నాడు మైరన్. ఈసారి తక్కువమంది నవ్వారు.

రోలండ్ ఇటు తిరిగాడు. "ఆర్డెల్లా, నీ మాట చెప్పు."

ఆమె మూత మీది రాత మళ్లీ చదివింది. పన్నెండు చిన్న మందుకుప్పలు కాగితం మీద వరసగా ఉన్నాయి.

"నేను నింపిన తూటా ఆ పని చెయ్యదు," అంది.

అంతటితో అయిపోయింది. ఈ ఏడాదికి హార్లన్ పోటీల్లో ఉండడు. గది తాళంచెవి కూడా ఇచ్చెయ్యాలన్నాడు రోలండ్. ప్రతి శనివారం ఏడింటికే వచ్చి తలుపు తీసి, పొయ్యి రాజేసి, దారిలో మంచు ఎత్తి, రేకులకి తెల్లరంగు వేసేది హార్లనే. ఎవరూ చెప్పకపోయినా పదేళ్లుగా చేస్తున్నాడు. అతను జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. చలికి వేళ్లు వంగడం లేదు. ఇనప చుట్ట రెండు అంచులూ గోటితో విడదియ్యబోతే జారిపోతోంది. మళ్లీ ప్రయత్నించాడు. గోరు విరిగింది. పదిమందీ చూస్తూ నిలబడ్డారు. అందరి దగ్గరా చాకులున్నాయి. ఎవరూ ఇవ్వలేదు.

ఆర్డెల్లా త్రాసుని దాని పెట్టెలో సర్దుకుంటోంది.

*

ఆదివారం, సోమవారం గాలి పడమరనించి కొట్టింది. మంగళవారానికి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కిందికి దిగింది. ఆర్డెల్లా వంటింటి వెనక చిన్నగదిలో, ఒకప్పుడు పాలనించి మీగడ తీసే యంత్రం ఉన్న చోట, తన బల్ల ముందు కూర్చుని వచ్చే శనివారానికి గుల్లలు తుడుస్తోంది. ఒక్కొక్క గుల్లనీ కిటికీ వైపు ఎత్తి లోపలికి చూడడం, వేలితో అంచు తడమడం, నిలబెట్టడం. పని బాగా సాగుతోంది. మనసు ఎక్కడా తగులుకోలేదు. హార్లన్ గోరు ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. వాడి చేతులు వాడే చూసుకోవాలి, అనుకుంది.

మధ్యాహ్నం తమ్ముడు లియో వచ్చాడు. బూట్లు గుమ్మంలో విప్పి, భార్య పంపిన కూకెన్ కేకు పళ్లెం బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. రాత్రంతా దూడల దగ్గర ఉన్నట్టు కళ్లు చెబుతున్నాయి.

"అక్కా, నువ్విచ్చిన తూటాలు తడిసిన టపాకాయల్లా ఉన్నాయే," అన్నాడు.

"ఏ తూటాలురా?"

"అదే, కయోటీలకి నింపిచ్చావు కదా, పెద్దవి. పొద్దున్న ఒకటి దూడ దగ్గరకొచ్చింది. ఇంత దూరంలో ఉంది. నొక్కాను. టిక్ మంది. అంతే! ఇదేంటి అనుకునేలోపు ధడ్ మంది. ఆ ముండ కూడా ఆగి నావైపు చూసిందే, ఏమైంది నీకూ అన్నట్టు."

ఆర్డెల్లా నవ్వలేదు.

"మూడు పేల్చా. మూడూ అంతే. ఇదిగో, సిలిండర్లో ఇవి మిగిలాయి." లియో చొక్కా జేబులోంచి రుమాలు తీసి మడత విప్పాడు. పసుప్పచ్చటి సన్నటి గింజలు. కాలని మందు.

ఆమె తడి వేలితో ఒక గింజ అద్ది చూసింది. ఇంత చలిలో గుండ్రటి గింజల మందు నిదానంగా అంటుకుంటుంది. అందుకే దానికి మాగ్నమ్ ప్రైమర్ వేస్తుంది. దాని మంట పెద్దది, ఎక్కువసేపు ఉంటుంది. క్లబ్బు తూటాల్లో వేసేది వేరు, పొరల్లా పలచగా ఉండే రేకుల మందు. అది తాకితే మండుతుంది, దానికి మామూలు ప్రైమరే వెయ్యాలి. ఇనప రేకులు పడాలి గనక ఆ మందు ఎలాగూ పుస్తకంలో చెప్పిన హద్దుదాకా పోస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆర్డెల్లా ఎప్పుడూ ఒకటే చెప్పేది: ఎండుగడ్డికి అగ్గిపుల్ల, పచ్చికట్టెకి కాగడా. ఎండుగడ్డి దగ్గరికి కాగడా తీసుకెళ్లొద్దు.

"పెట్టె తెచ్చావా?"

"తెచ్చా. మూత మీద నీ రాతే ఉంది చూడు, మాగ్నమ్ అని."

జనవరి ఇరవై.

హార్లన్ పెట్టె తెచ్చి చూడనక్కర్లేదు. దాని మీద తేదీ ఏమిటో ఆమెకి తెలుసు.

"ఏమైందే?" అన్నాడు లియో.

"ఏం లేదు. కూకెన్ బావుంది."

"ఇంకా తినందే!"

"మీ ఆవిడ చేసింది బావుండక ఏమవుతుంది? నువ్వు పో. మిగిలిన తూటాలు ఇక్కడ పెట్టు. ఇంకోటి ఒక్కటి కూడా పేల్చకు. వేరేవి చేసిస్తా."

అతను వెళ్లాక ఆమె పళ్లెం పక్కకి జరిపింది. తర్వాత గోడకున్న అరలోంచి రెండు అట్టతొడుగులు కిందికి దించింది. ఒకటే కంపెనీ. ఒకటే ఆకుపచ్చ. ఒకదాని మీద అంకె పక్కన ఒక అక్షరం ఎక్కువ, అంతే తేడా. లోపలికి జరిగే తెల్లటి ట్రేలు మాత్రం అచ్చం ఒకటే. నూరు గూళ్లు, ఏ రాతా లేదు. ఏ ట్రే ఏ రకమో చెప్పేది తొడుగు ఒక్కటే. అందుకే ఒకటి మూసి అరలో పెట్టాకే రెండోది తియ్యాలి. ఆ నియమం పెట్టింది తనే. బడి గోడకి కాగితం మీద రాసి అంటించింది కూడా తనే.

ఆ జనవరి ఇరవైన గదిలో చలి ఎక్కువగా ఉంది. మిగతావాళ్ల పెట్టెలు అంతకుముందే నింపేసింది, క్లబ్బుకి ఒకటి, లియోకి ఒకటి మిగిలాయి. పొయ్యి చల్లారేలోపు రెండు పెట్టెలూ అయిపోతే బావుండుననుకుంది. రెండు తొడుగులూ విప్పింది. మరదలు ఫోన్ చేసింది. వంటింట్లో నిలబడి మాట్లాడి తిరిగొచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న రెండు ట్రేలనీ ముందు వాటి తొడుగుల్లోకి తోసింది, శుభ్రంగా ఉండాలని. ఒక్కొక్కటే మళ్లీ తీసుకుని పని చేసింది. తొడుగు మీదున్నది చదివి మూతల మీద రాసింది. చక్కగా, గుండ్రంగా.

మందు పన్నెండుసార్లు తూచింది కదా. ప్రైమర్‌ని ఏ త్రాసు తూస్తుంది?

అయినా ఇంకా ఒక సందు మిగిలి ఉంది. లియో రివాల్వర్లో నూనె గడ్డకట్టి సుత్తి నెమ్మదిగా పడి ఉండవచ్చు. వాడు ఏదీ తుడవడు. ఆమె ఆ సందులోంచి దూరిపోవాలని చూసింది. చూస్తున్నట్టు తనకే తెలిసి లేచింది.

రెండు ఖాళీ గుల్లలు తీసుకుంది. ఒకదానికి ఈ ట్రేలోంచి, ఒకదానికి ఆ ట్రేలోంచి ప్రైమర్ దిగ్గొట్టింది. మందు పొయ్యలేదు, గుండు పెట్టలేదు. కోటు వేసుకుని, రివాల్వర్ పట్టుకుని పెరట్లో కొట్టంలోకి వెళ్లి తలుపు మూసింది. లోపల చీకటి. గొట్టాన్ని నేలవైపు, ఎవరూ లేని మూలకి తిప్పింది.

మాగ్నమ్ అని రాసి ఉన్న తొడుగులోది ముందు పేల్చింది. చిటిక వేసినట్టు చప్పుడైంది. గొట్టం చివర చిన్న వెలుగు మెరిసి ఆరిపోయింది.

మామూలు తొడుగులోది పేల్చింది. కొట్టం ఒక్కసారి తెల్లబడింది. గొట్టంలోంచి బెత్తెడు పొడవు మంట వచ్చింది. గోడకి వేలాడుతున్న పాత గుర్రపు కళ్లాలు, పారలు, చచ్చిపోయిన మొగుడి టోపీ అన్నీ ఆ వెలుగులో కనబడి మాయమయ్యాయి.

చీకట్లో అలాగే నిలబడింది. ముక్కుకి మాడిన వాసన తగులుతోంది. 'నేను నింపిన తూటా ఆ పని చెయ్యదు' అనడానికి ఎంతసేపు పట్టింది? మూత మీద తన రాత చదువుకునేంతసేపు.

*

బుధవారం పొద్దున్న రోలండ్ వర్క్‌షాపుకి వెళ్లింది. అతను ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. బూట్లతో మాట్లాడినట్టు మొత్తం చెప్పింది. మధ్యలో పానా తిరగడం ఆగింది. రోలండ్ చక్రాల పలక మీద బయటికి జరిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె మొహం చూశాడు.

"వాడి మీద జాలి వేసింది నీకు," అన్నాడు.

"జాలి కాదు. ప్రైమర్లు మారాయి."

"వాడికి పొద్దుపోవడం లేదని తెలుసు. మొన్న బంకు దగ్గర కనబడ్డాడు, తల ఎత్తలేదు. నాకూ బాధగానే ఉంది. అందుకని నువ్వు నెత్తిన వేసుకోనక్కర్లేదు."

"రోలండ్, నేను పేల్చి చూశాను."

అతను గుడ్డని మడిచాడు. మళ్లీ విప్పాడు. "సరే. నిజమే అనుకుందాం. ఇవాళ కాకపోతే రేపు ఆ పని వాడే చేసేవాడు కదా? చెంచాతో మందు పోసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అది కొంచెం ముందొచ్చింది. వచ్చే నెల రాష్ట్ర పోటీలు. ఇప్పుడు నువ్వు లేచి నా వల్ల తప్పయిందంటే, నీ తూటా ఎవడు పేలుస్తాడు? ఎవరి తూటా పేలుస్తాడు? ఆలోచించు."

"నువ్వు శిక్ష చెప్పేది వాడు చెయ్యని తప్పుకి."

"నేను చెప్పేది క్లబ్బు కోసం. నువ్వీ మాట నాతో అనలేదు, నేను వినలేదు. కాఫీ తాగుతావా?"

"వద్దు."

రోలండ్ మళ్లీ ట్రాక్టరు కిందికి జరిగాడు. బూట్లు మాత్రం బయట ఉన్నాయి. ఆమె వాటిని కాసేపు చూసి వెళ్లిపోయింది.

హార్లన్ ఊరవతల రైలు పట్టాల పక్కన రేకుల ఇంట్లో ఉంటాడు. ఆమె కారు ఆపేసరికి మెట్ల మీద గడ్డకట్టిన మంచుని పారతో పగలగొడుతున్నాడు. చూశాడు. పని ఆపలేదు.

ఆమె కారు పక్కనే నిలబడి చెప్పింది. చుట్టూ తిప్పలేదు. రెండు తొడుగులు విప్పాను, ట్రేలు మారాయి, నీ పెట్టెలో మాగ్నమ్ ప్రైమర్లు పడ్డాయి, రివాల్వర్ చెడింది నావల్ల. నువ్వు చెప్పింది నిజం.

పార మెట్టుకి ఆనించి హార్లన్ నిలబడ్డాడు.

"ఆ రోజు రోలండ్ మీ మాట అడిగాడు," అన్నాడు.

"అడిగాడు."

"మీరు చెప్పారు."

"చెప్పాను."

"చెప్పేముందు ఒక్కసారైనా అనుకున్నారా, వీడు నిజం చెబుతున్నాడేమోనని?"

గాలికి మంచుపొడి వాళ్లిద్దరి మధ్యనించీ లేచి పోయింది.

"అనుకోలేదు," అంది ఆర్డెల్లా.

అతను తలూపాడు. ఆ జవాబు కోసమే ఎదురు చూసినట్టు, అది తెలిసినందుకు కొంచెం తేలికపడ్డట్టు కూడా. "చలిలో నిలబడకండి. లోపలికి రండి," అన్నాడు.

లోపల సూప్ వాసన, తడి ఉన్ని వాసన. కిటికీ కింద పాత కుట్టుమిషను బల్ల. మిషను తీసేసి అక్కడ తూటాలు నింపే ప్రెస్సు బిగించాడు. ఆర్డెల్లా కోటు విప్పకుండానే అటు నడిచింది. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల బల్ల చూడడం ఆమెకి అలవాటు. ఈ బల్ల గురించి మాత్రం చూడకుండానే పందొమ్మిదేళ్లుగా తెలుసుననుకుంది.

ఒక మందు డబ్బా. ఒక ప్రైమర్ల తొడుగు. ఒక చెంచా, తీగతో పిడి చుట్టినది. పక్కన చిన్న త్రాసు. ఇంకేం లేవు. అర కోసం చూసింది. గోడకి అర లేదు.

"మిగతావి ఎక్కడ పెడతావు?"

"మిగతావేంటి?"

"వేరే మందులూ, మాగ్నమ్ ప్రైమర్లూ..."

"నా దగ్గరుండవు." హార్లన్ గిన్నెలో సూప్ కలుపుతున్నాడు. "నా బుర్ర సంగతి నాకు తెలుసమ్మా. రెండుంటే కలిపేస్తా. ఉప్పూ చక్కెరా కలిపినవాణ్ని. అందుకని ఒకటే మందు, ఒకటే ప్రైమరు. ఎండాకాలమైనా అదే, ఇప్పుడైనా అదే. చలికి కొంచెం మెత్తగా పేలుతుంది. పేలనీండి. కయోటీకి తేడా తెలీదు."

"చెంచాతోనే పోస్తావా?"

"పోసి, అంచు మీద అట్టముక్కతో గీస్తా. పదింటికోటి తూస్తా. తేడా వస్తే ఆ పదీ పారబోస్తా." ఇటు తిరిగాడు. "మరి అందరూ నేను కళ్లు మూసుకుని పోస్తాననుకుంటారుగా. అనుకోనీ అని ఊరుకున్నా. చెబితే మటుకు నమ్ముతారా?"

ఆమె తొడుగు చేతిలోకి తీసుకుంది. తీసినచోటే పెట్టింది. పిండి ఉండల సూప్ రెండు గిన్నెల్లో పోసి ఒకటి ఆమె ముందు పెట్టాడు. తిన్నారు. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరూ ఆ మాట అనలేదు.

"మీ నాన్న రివాల్వర్ బాగుచేయిస్తాను," అంది లేస్తూ.

"సిలిండర్ ఆ రకం ఇప్పుడు దొరకదు. గోడకి పెట్టుకుంటా."

"శనివారం రా."

"దేనికి? మంచు ఎత్తడానికా?"

"నీ తూటాలు తీసుకుని రా. ఉన్నన్ని."

అతను గిన్నెలు తీసి తొట్టిలో పెట్టాడు. ఆమె కారు తిప్పుకుని రోడ్డెక్కేదాకా మెట్ల మీదే నిలబడ్డాడు.

*

శనివారం బడిలో పొగ కమ్మేసింది. రోలండ్ పొయ్యి రాజేసి, పొగగొట్టంలో అడ్డురేకు తిప్పి తెరవడం మర్చిపోయాడు. అందరూ కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ, తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నారు.

"హార్లన్‌ని తరిమి మనం పొగబెట్టిన హామ్ మాంసం అయ్యాం," అన్నాడు మైరన్. "ఇంకో గంట ఉంటే ఈస్టరుకి కోసుకోవచ్చు."

ఆర్డెల్లా లేచి పొయ్యి పక్కన నిలబడింది. జరిగింది చెప్పింది. ట్రేలు, తొడుగులు, మరదలి ఫోన్, లియో తెచ్చిన కాలని మందు, కొట్టంలో మంట. గోడకున్న తన కాగితం కూడా చూపించింది, ఆ నియమం తప్పింది తనేనని. రోలండ్ బూట్లవైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

మైరన్ లేచి తలుపు ఇంకొంచెం తెరిచాడు.

"పోనీలే ఆర్డెల్లా," అన్నాడు ఒక ముసలాయన. "పందొమ్మిదేళ్లలో ఒక్కసారి."

"ఎవరికి జరగదు?" అన్నాడు ఇంకొకతను.

"ఫోన్ చేసినవాళ్లది తప్పు," అన్నాడు మైరన్. ఒకరిద్దరు నవ్వారు. గది వదులైంది. ఎవరో కాఫీ పోసుకున్నారు. అయిపోయిందనుకున్నట్టున్నారు.

"నా తాళంచెవి అడగరా?" అంది ఆర్డెల్లా.

కాఫీ పోసుకుంటున్నతను ఆగాడు.

"తుపాకిమందు దాచే గది తాళంచెవి నా దగ్గరుంది. అదే తప్పుకి హార్లన్‌ది తీసుకున్నారు. ఆ రోజు తీర్పు చెప్పడానికి గది వేడెక్కేంతసేపు కూడా పట్టలేదు మనకి. నాకేమో పోనీలే. ఎందుకు?"

చెప్పవలసినది అందరికీ తెలిసిందే.

రోలండ్ లేచాడు. జేబులోంచి తాళంచెవి తీసి లెక్కల బల్ల మీద పెట్టాడు. "వాడు రావచ్చు. నేనే చెబుతాను. సరేనా? ఇంక తూటాలు పంచు, పొద్దెక్కిపోతోంది."

"తేలేదు."

"ఏంటి తేలేదు?"

"ఒక్కటి కూడా నింపలేదు ఈ వారం."

"మరి ఏం పెట్టి పేలుస్తాం? రాళ్లా?"

అప్పుడే తలుపు దగ్గర వెలుగు తగ్గింది. హార్లన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు. చేతిలో రొట్టె వచ్చిన ప్లాస్టిక్ సంచి. అడుగు బరువుకి సాగి ఉంది. లోపల ఇత్తడి మెరుస్తోంది. అతను ఎవరివైపూ చూడకుండా సంచిని బల్ల మీద, తాళంచెవి పక్కన పెట్టాడు. తాళంచెవి ముట్టుకోలేదు.

అందరూ ఆ సంచివైపు చూశారు. మైరన్ నోట్లో మాట సిద్ధంగా ఉంది, పెదవుల దాకా వచ్చింది, ఆగిపోయింది. సంచి మీద ఏ రాతా లేదు. తేదీ లేదు, తూకం లేదు, పేరు లేదు.

"ఎవరిదో తూటా మనం..." అన్నాడు రోలండ్, పూర్తిచెయ్యలేదు.

ఆర్డెల్లా చేతి తొడుగు తీసి అరచెయ్యి చాపింది. హార్లన్ సంచిలో చెయ్యి పెట్టి ఆరు లెక్కపెట్టి ఇచ్చాడు. చల్లగా ఉన్నాయి. ఆమె బయటికి నడిచింది. వెనక మంచు మీద బూట్ల చప్పుడు, ఒకటి, రెండు, తర్వాత అందరివీ.

కాల్పుల గీత దగ్గర నిలబడి సిలిండర్ తెరిచింది. ఒక తూటాని వేళ్ల మధ్య తిప్పింది. అంచు నున్నగా ఉంది. గుండు తిన్నగా కూర్చుంది. ప్రైమర్‌ని బొటనవేలితో తడిమింది, సరిగ్గా దిగి ఉంది. అంతకుమించి ఏం చూడగలదు? లోపల మందు ఎంతుందో, ఏ రకమో, ప్రైమర్ కింద ఎంత మంట ఉందో బయటికి తెలీదు. విప్పితే తెలుస్తుంది. విప్పితే పేల్చలేం. ఆరూ ఎక్కించి సిలిండర్ మూసింది.

రివాల్వర్ ఎత్తాక చెయ్యి ఆగింది. రేకు కనబడుతోంది, గురి కుదిరింది, వేలు మాత్రం వంగడం లేదు. గొట్టం వెనక, తన కళ్లకి జానెడు దూరంలో, ఇంకొక మనిషి చేసిన పని ఉంది. పందొమ్మిదేళ్లు ప్రతి శనివారం ఈ పదిమందీ ఇక్కడే, ఈ గీత మీదే ఇలా నిలబడ్డారు. ఒక్కడి వేలూ ఆగడం ఆమె చూడలేదు. అది ఇంత బరువని ఆమెకి తెలీదు. ఆమె ఎప్పుడూ బల్ల దగ్గర కూర్చుని అంకెలు వేసుకుంది.

"గట్టిగా తన్నదమ్మా," అన్నాడు వెనకనించి హార్లన్, మెల్లిగా. "భయపడకండి."

"భయమేం లేదు," అంది ఆర్డెల్లా.

అది అబద్ధం. ఊపిరి సగం వదిలి, నొక్కింది.